పంచుకున్న మాత్రలు

చెంచయ్యను నాలుగో చెరువు కట్ట మీద మోటారు షెడ్డు గుంజకు కట్టేశారు.

పక్షుల వలకు వాడే నైలాను తాడుతో కట్టారు. పొద్దున ఏడు గంటలకు సామ్రాజ్యం పరుగున వెళ్ళేసరికి ఆ తాడు ఆమె భర్త ముంజేతుల్లోకి దిగిపోయి ఉంది. అతను మాత్రం చేతుల వంక చూడటం లేదు. ఆకాశం వంక చూస్తున్నాడు.

"మావా" అంది.

"వస్తన్నాయి. ఇంకా వస్తన్నాయి. నా రేకు ఇమ్మను" అన్నాడు చెంచయ్య.

ఆకాశంలో ఒక్క పిట్ట కూడా లేదు.

మీలో చాలామంది రొయ్యల వేపుడు తినే ఉంటారు. ఆ రొయ్య మీ పళ్ళెంలోకి రావడానికి ఒక మనిషి ఏం చెయ్యాలో చెబుతాను. పగలంతా రేకు పళ్ళెం మీద కర్రతో కొడుతూ, గొంతు చించుకుని అరుస్తూ కట్ట చుట్టూ తిరగాలి. లేకపోతే కొంగలూ నీటికాకులూ చెరువును ఊడ్చేస్తాయి. రాత్రంతా నీళ్ళలో గాలి కొట్టే ఫ్యాన్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఆగితే రొయ్యకు ఊపిరాడదు. ఇది ఇద్దరు మనుషుల పని. పూర్ణచంద్రరావు చెరువుల మీద చెరువుకొక్క యానాదే చేస్తాడు. పెళ్ళాం కట్ట మీద ఉండకూడదు, ఉంటే రొయ్యలు పట్టుకుపోతుందట. రెండు రోజులకోసారి క్యారేజీ ఇచ్చి పోవాలి. చెంచయ్య అట్లా పదకొండు నెలలు చేశాడు. మధ్యలో తల్లి చచ్చిపోయింది. రొయ్యల పట్టుబడి దగ్గర పడిందని మట్టి వెయ్యడానికి కూడా పంపలేదు.

నిన్న మధ్యాహ్నం అతను ఫ్యాన్లు ఆపేశాడు. అవి తనను తిడుతున్నాయన్నాడు.

పూర్ణచంద్రరావు బాపట్ల నుంచి తెల్లారేసరికి కారులో దిగాడు. కట్ట మీద కుర్చీ వేయించుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఏమే, నీ మొగుడు బలే నాటకాలాడతన్నాడే. పిచ్చంట. యానాదోడికి పిచ్చేంటే? పిచ్చి పట్టాలన్నా ముందు బుర్రుండాలిగా" అన్నాడు.

పక్కనున్న సూపర్వైజరు నవ్వాడు.

మొగదిబ్బ కాలనీ జనం ముప్పై మంది కట్ట కింద నిలబడి ఉన్నారు. కులపెద్ద పోలయ్య తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దొరా, మా బిడ్డడు తప్పు చేశాడు. ఇప్పించండి, తీసకపోతాం."

"తప్పేంటి తాతా? నిద్ర లేక..."

"నువ్వూరుకో అమ్మాయ్."

సామ్రాజ్యం ఊరుకుంది. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ఆ మాట తలుచుకుందో లెక్కలేదు. ఆ రోజు ఎందుకు ఊరుకున్నాను?

*

కాలనీకి టీకాలు వెయ్యడానికి వచ్చే నర్సు ఫ్లోరెన్స్ ఆ సాయంత్రమే వచ్చింది. కట్లు విప్పించి తీసుకొచ్చిన చెంచయ్య గుడిసెలో మూల కూర్చుని కంచం మీద వేళ్ళతో కొడుతున్నాడు. తడిక అవతల ఆడవాళ్ళు, గాలి సోకిందనీ వేపమండలు తేవాలనీ మాట్లాడుకుంటున్నారు.

"ఇది గాలీ కాదు, ధూళీ కాదు. జ్వరం ఒంటికొస్తుంది చూడు, ఇది మనసుకొచ్చింది. మందులున్నాయి. పొద్దున్నే రైలెక్కించు. తెనాలిలో డాక్టరమ్మ రాగసుధ గారని ఉన్నారు. నేనూ వస్తా" అంది ఫ్లోరెన్స్.

"తగ్గిద్దా అక్కా?"

"వాడితే తగ్గుద్ది. మానకుండా వాడాలి. అదే కష్టం."

రేపల్లెలో రైలెక్కారు. బండి చక్రాల చప్పుడుకు చెంచయ్య దారంతా చెవులు మూసుకునే ఉన్నాడు. తెనాలి డాక్టరమ్మ రాగసుధ చిన్న వయసు మనిషి. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది.

"నిద్రపోయి ఎన్నాళ్ళయింది చెంచయ్యగారూ?"

చెంచయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఎవరిని పిలుస్తోందోనని. అతని పేరు చివర ఆ 'గారు' అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

"ఫ్యాన్లు తిడతన్నాయమ్మా" అన్నాడు చివరికి. "మా అమ్మ గొంతుతో తిడతన్నాయి. మట్టెయ్యటానికి కూడా రాలేదేరా అంటన్నాయి."

డాక్టరమ్మ నెలకు సరిపడా అరవై మాత్రలు ఇప్పించింది. పొద్దున ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి. తగ్గింది కదా అని మానొద్దంది. నెల తిరగ్గానే రమ్మంది.

పక్కింటికి పంచొద్దని మాత్రం చెప్పలేదు. ఏ డాక్టరూ చెప్పరు. ఆ అవసరం వాళ్ళకెప్పుడూ రాదు.

*

మొగదిబ్బలో పద్నాలుగు గుడిసెలు. ఎవరు ఏం తెచ్చినా పోలయ్య తాత గోనెపట్టా మీదికి రావాల్సిందే. పాయలో పట్టిన పీతలు, ఎలక బొరియల్లో తవ్విన వడ్లు, క్రిస్మసుకు చర్చివాళ్ళు ఇచ్చిన బియ్యం, అన్నీ. తాత గుడిసెకో కుప్ప పోస్తాడు. తెచ్చినవాడికి ఒక కుప్ప అదనం. ముసలాళ్ళున్న ఇల్లని ఎక్కువా లేదు, పనికి పోలేదని తక్కువా లేదు. ఆ పట్టా వల్లే మొగదిబ్బలో ఇంతవరకూ ఎవరూ ఒంటరిగా పస్తుండలేదు.

సామ్రాజ్యం మందుల సంచితో కాలనీలోకి రాగానే పక్క గుడిసె ఆదిలక్ష్మి ఎదురొచ్చింది.

"అక్కా, నిద్ర మాత్రలంటగా?"

"నిద్రకీ, ఆ మాటలు వినపడకుండానూ."

ఆదిలక్ష్మి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మా ఆయన చెరువు మానేసి రెండేళ్ళయిందా? ఇప్పటికీ అన్నం ముందు కూచుని ఉన్నట్టుండి చప్పట్లు కొడతాడక్కా. పక్షుల్ని తోలతన్నా అంటాడు. పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. నిన్న చెంచయ్య బావని చూశాక నవ్వు రాట్లా."

ఇంకో ఆమె వచ్చింది. తన కొడుకు కరెంటు పోతే వణికిపోతాడట. మరొకామె తన గురించే చెప్పింది. పోలయ్య తాత గోనెపట్టా దులిపి పరిచాడు. అడగాల్సిన పని కూడా లేదు, అది ఆ ఊరి వాడుక.

సామ్రాజ్యం ఒక్క క్షణం సంచి గుండెకు అదుముకుంది.

ఒక్క క్షణమే. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పట్టా మీది కూడు తిన్న మనిషి. కరువొచ్చినప్పుడు ఆదిలక్ష్మి వాటాలోని పీతతోనే తన బిడ్డ బతికింది. ఏ మొహం పెట్టుకుని లేదంటుంది? సంచి తాత చేతికిచ్చింది.

తాత మాత్రల అట్టలు కత్తిరించి గుడిసెకు నాలుగు చొప్పున పోశాడు. మిగిలిన నాలుగూ అదనం కుప్ప. చెంచయ్య వాటాకు ఎనిమిది వచ్చాయి.

ఎనిమిది మాత్రలు, నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ చెంచయ్య పసిబిడ్డలా నిద్రపోయాడు. నాలుగో రోజు లేచి ముఖం కడుక్కుని, "పీతల పులుసు చేస్తావా?" అని అడిగాడు. ఏడాది తర్వాత అతను నోరు తెరిచి అడిగిన కూర అది. సామ్రాజ్యం పాయలోకి దిగి పీతల్ని వెతుకుతూ ఏడ్చింది.

ఆరో రోజుకు అతని వేళ్ళు మళ్ళీ కంచం మీద కొట్టడం మొదలెట్టాయి.

ఆమె మండల ఆసుపత్రికి పరిగెత్తింది. మందుల కిటికీ దగ్గర చీటీ చూసినవాడు ముఖం చిట్లించాడు.

"నెలకిచ్చారుగా. ఆరు రోజులకే అయిపోయినయ్యా? ఏం చేశావ్, అమ్ముకున్నావా?"

"పంచామండి."

"ఏంటీ?"

"అందరికీ పంచామండి."

అతను పక్కవాడికి చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. "అవేమన్నా శనగలా? ఇక్కడ మెంటల్ డాక్టరు లేడమ్మా. నెల తిరిగాక తెనాలి పో."

సిగ్గుతో చచ్చిపోయింది సామ్రాజ్యం. ఆ సిగ్గే ఆమెను ముంచింది. మర్నాడే తెనాలి వెళ్ళాల్సింది. ఫ్లోరెన్స్‌కైనా చెప్పాల్సింది. అమ్ముకున్నావా అని డాక్టరమ్మ కూడా అడుగుతుందేమోనని ఆగిపోయింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. చెంచయ్య చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు.

"ఎక్కడికి మావా?"

"అమ్మ అరస్తానే ఉంది. ఊరుకోబెట్టి వస్తా" అన్నాడు నెమ్మదిగా.

పాయ దాకా నడిచి వస్తాడనుకుంది. ఇంకో రెండు చేపలుంటే తోముతూ కూర్చుంది.

అతను నాలుగో చెరువులోకి దిగాడు. తిరుగుతున్న ఫ్యాన్‌ను రెండు చేతులా పట్టుకుని ఆపబోయాడు. దాని వైరుకు రెండుచోట్ల అతుకులున్నాయి. ఆ అతుకులకు కట్టింది ప్లాస్టిక్ కవరు ముక్కలు. నీళ్ళలో కరెంటు ఉంది.

*

"మతిస్థిమితం లేక చెరువులో దిగి మరణించాడు" అని కాగితం రాశారు. వైరు సంగతి ఒక్క ముక్క లేదు. సాయంత్రానికే కొత్త వైరు వేశారు.

మూడో రోజు పొద్దున కాలనీ అంతా చెంచయ్య గుడిసె ముందు చేరింది. కొలకలూరు నుంచి వ్యవసాయ కూలీల సంఘం సుధీర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఫ్లోరెన్స్ కూడా వచ్చి ఓ పక్కన నిలబడింది.

"పాత వైరు తీసేశారని సాక్ష్యం చెప్పేవాళ్ళు కావాలి" అన్నాడు సుధీర్. "ఇది చావు కాదు, చంపడం. కేసు పెట్టాల్సిందే."

"కేసులు పెడితే రేపు చెరువు మీదికి ఎవరు రానిస్తారయ్యా?" అన్నాడు పోలయ్య తాత. "పాయలో చేపలు తగ్గినయ్. ఆ చెరువుల నీళ్ళు ఒదిలాక పీతలు కూడా చస్తన్నయ్. ఏం తిని బతకాలి?"

"భయపడేకొద్దీ ఇట్లాగే ఒక్కొక్కర్నీ..."

"నీకేం బాబూ, బండెక్కి పోతావు."

అప్పుడు ఫ్లోరెన్స్ ముందుకొచ్చింది.

"నాకొకటి అర్థం కావట్లేదు సామ్రాజ్యం. అరవై మాత్రలిచ్చారు. నా చేత్తో సంచిలో పెట్టా. మానకుండా వాడితే ఇట్లా అయ్యేది కాదు. అతను ఎందుకు మానేశాడు?"

పోలయ్య తాత మొలలోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పాడు. అందులో నాలుగు మాత్రలు. పట్టా తెచ్చి పరిచి, వాటిని దాని మీద పెట్టాడు.

ఆదిలక్ష్మి గుడిసెలోకి వెళ్ళి మూడు తెచ్చింది. ఇంకొకరు నాలుగు. ఒకరు చూరులోంచి తీసి రెండు. ఒక్కొక్కరే వచ్చారు. పట్టా మీద మళ్ళీ కుప్ప పెరిగింది.

"బాగా ఎక్కువైనప్పుడు ఏసుకుందామని దాచుకున్నాం" అంది ఆదిలక్ష్మి.

ఫ్లోరెన్స్ కూర్చుని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ముప్పై ఏడు."

పద్దెనిమిది రోజుల మందు. చెంచయ్య మందు లేకుండా ఉన్నది ఎనిమిది రోజులే. ఆ ఎనిమిది రోజులూ అతని ప్రాణం అతని చుట్టూ ఉన్న గుడిసెల చూరుల్లో, డబ్బాల్లో, చీర కొంగుల్లో భద్రంగానే ఉంది.

సామ్రాజ్యం లేచింది. పోలయ్య తాత మీద పడి రొమ్ము మీద రెండు చేతులా గుద్దింది. ఎవరూ ఆపలేదు. తాత కదల్లేదు.

"కొట్టమ్మా. నేనే పంచా. ఈ చేతులే" అన్నాడు.

కొట్టి కొట్టి ఆమె కింద కూలబడింది. చాలాసేపటి తర్వాత తలెత్తింది.

"తాతా, నువ్వెందుకు దాచుకున్నావు?"

"వాటా కదమ్మా..."

"వాటా సరే. మొలలో కట్టుకుని ఎందుకు తిరిగావు? నీకేం వచ్చిందని?"

తాత పట్టా అంచున కూర్చున్నాడు.

"ఆరేళ్ళు చేశా చెరువు మీద" అన్నాడు. "కళ్ళు మూస్తే ఫ్యాన్ ఆగిపోయినట్టుంటది. లేచి కూచుంటా. మీ అవ్వ పోయినకాడ్నించి పక్కన చెప్పుకోటానికి కూడా మడిసి లేడు. పెద్దోణ్ణి. పెద్దోడే ఇట్టా అంటే మీరేమైపోతారని..."

ఆ మొగదిబ్బలో ఆ మాట అందరి ముందూ పైకి అన్న మొదటి మనిషి ఆయన. తర్వాత ఆదిలక్ష్మి భర్త సింగయ్య, ఎప్పుడూ నోరు విప్పనివాడు, అన్నాడు. "నాకు చేతులు మాట వినవు." ఇంకొకడు పక్షుల కలలు వస్తాయన్నాడు. ఒక తల్లి, తాను పొద్దున లేవలేకపోతున్నాననీ ఒంట్లో ఏ నొప్పీ లేదనీ చెప్పింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. ఒకే బావిలో వేరువేరుగా పడ్డవాళ్ళు ఒకరి గొంతు ఒకరు విన్నట్టుగా ఉంది.

సుధీర్ తాను రాసి తెచ్చిన కాగితం మడిచేశాడు.

"మీరే చెప్పండి. ఏం రాయమంటారు?"

సామ్రాజ్యం చెప్పింది. "వైరు కేసు రాయి. రెండోది, కట్ట మీద ఇద్దరుండాలి. ఒకడు నిద్రపోవాలి. పెళ్ళాం బిడ్డలు పక్కనుండాలి. అట్టా కాకపోతే చెరువు మీదికి ఎవరూ పోరు." ఆగింది. "మూడోది, డాక్టరమ్మ వారానికోసారి ఇక్కడికి రావాలి. ఎవరి పేరున వాళ్ళకి మందు రాయాలి. ఒకడి మందు పది మంది పంచుకునే గతి మాకొద్దు."

"ఈ ఒక్కటీ పట్టా మీదికి రాగూడదు. ఇది నా మాట" అన్నాడు తాత.

*

మర్నాడు ఏడు చెరువుల కట్టలు ఖాళీ.

రేకు పళ్ళేలన్నీ చెంచయ్య గుడిసె ముందు కుప్పపోశారు. పొద్దెక్కేసరికి కబురు అందినట్టు పాయ మీద నుంచి నీటికాకులు దిగాయి. పూర్ణచంద్రరావు బురదలో చెప్పులు జారవిడుచుకుని, సూపర్వైజరు చేతిలోని రేకు లాక్కుని కట్ట మీద పరిగెత్తాడు. కొడుతున్నాడు, అరుస్తున్నాడు. మధ్యాహ్నానికి గొంతు పోయింది.

దూరాన పాయ గట్టు మీద కూర్చున్న సింగయ్య నెమ్మదిగా అన్నాడు. "కొట్టు దొరా. ఇంకో పదకొండు నెలలు కొట్టు."

మూడు రోజుల తర్వాత పూర్ణచంద్రరావు కాలనీకి వచ్చాడు. ఈసారి కుర్చీ లేదు.

"సరే, కూలి పెంచుతా. చెయ్యండి" అన్నాడు బొంగురు గొంతుతో.

"కూలి మాట మేం ఎత్తలేదండి. నిద్ర అడిగాం" అంది సామ్రాజ్యం.

"పొరుగు జిల్లా నుంచి మనుషుల్ని దింపుతా. అప్పుడేం చేస్తారే?"

"దింపండి. వాళ్ళకీ చెబుతాం. ఆ గుంజ కూడా చూపిస్తాం."

తెనాలి డాక్టరమ్మ రెండు పేజీల ఉత్తరం రాసిచ్చింది. వారానికోసారి వస్తాననీ, పై నుంచి అనుమతి చాలనీ. గురువారం ఆ ఉత్తరంతో పద్నాలుగు గుడిసెల జనమూ మండల ఆసుపత్రికి నడిచారు. రేకులు చేత పట్టుకున్నారు, కొట్టలేదు. ఆ చప్పుడు సామ్రాజ్యం భరించలేదని అందరికీ తెలుసు. డెబ్భై మంది యానాదులు రేకులు పట్టుకుని చప్పుడు లేకుండా బజారులో నడుస్తుంటే టీ కొట్ల దగ్గర మనుషులు లేచి నిలబడ్డారు.

ఓపీ కిటికీ ముందు వరస కట్టారు. లోపలినుంచి ఆఫీసరు వచ్చాడు. ఉత్తరం సగం చదివి మడిచాడు.

"అంతా ఏంటిది? పేషంటు ఎవరు? పేషంటుని ఉంచి మిగతావాళ్ళు బయటికి నడవండి."

"మేమే" అన్నాడు పోలయ్య తాత.

"మీలో ఎవరయ్యా?"

"అందరమండి. చీటీలు రాయించండి."

"ఊరు ఊరంతా పిచ్చంటే ఎట్లా నమ్ముతారు? నాటకాలా?"

నాటకాలు. గుంజకు కట్టిన రోజు కట్ట మీద విన్న మాటే. ఆ రోజు ఊరుకున్న సామ్రాజ్యం ఈ రోజు ఊరుకోలేదు.

"నమ్మొద్దులెండి. మా ఆయన్నీ ఎవరూ నమ్మలా. రాయండి చాలు. డాక్టరమ్మ వచ్చి చూసి, లేదంటే పోతాం. రాసేదాకా మాత్రం కదలం."

అరగంటలో జీపు వచ్చింది. పూర్ణచంద్రరావు ఫిర్యాదు ఇచ్చాడట. పని ఆపించారనీ, చెరువులకు నష్టం చేశారనీ, ప్రభుత్వ ఆసుపత్రిని అడ్డుకున్నారనీ. ఎస్ఐ సుధీర్ కాలరు పట్టుకున్నాడు. మహిళా కానిస్టేబుల్ సామ్రాజ్యం ముంజేయి పట్టుకుంది. చెంచయ్యకు తాడు దిగింది సరిగ్గా అక్కడే. ఆమె తనే నడిచి జీపెక్కింది.

"వరస వదలొద్దు" అంది ఎక్కుతూ. గట్టిగా కూడా అనలేదు.

జీపు వెనక చువ్వల్లోంచి కిటికీ కనపడుతోంది. వరస కదల్లేదు. ఆమె నిలబడ్డ చోట ఖాళీ వచ్చింది. వెనకున్నవాళ్ళు ఒకడుగు ముందుకు జరిగి ఆ ఖాళీని మూసేశారు.

తాత కిటికీ ముందుకొచ్చాడు. తలగుడ్డ తలకే ఉంది.

"రాయి బాబూ. పోలయ్య. ఆరేళ్ళు చెరువు మీద. నిద్ర లేదు."

గుమాస్తా ఆఫీసరు వంక చూశాడు. కలం పట్టుకోలేదు. తాత పక్కకు తప్పుకోలేదు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెప్పాడు. నాలుగోసారికి గుమాస్తా చీటీల కట్ట దగ్గరికి లాక్కున్నాడు.

తర్వాత సింగయ్య.

"పేరు?" అన్నాడు గుమాస్తా.

సింగయ్య నోరు తెరిచాడు. మాట రాకముందే చేతులు లేచాయి. అంతమంది ముందు, ఆసుపత్రి వరండాలో, అతను టపటపా చప్పట్లు కొట్టాడు, తలపైకెత్తి, లేని పక్షుల్ని తోలుతూ.

జీపు కదిలింది. సామ్రాజ్యం చువ్వలు పట్టుకుని చూస్తూనే ఉంది. వరండా నిండా జనం. టీ కొట్ల దగ్గర్నుంచి వచ్చిన జనం కూడా ఉన్నారు.

ఒక్కరూ నవ్వలేదు. ఆదిలక్ష్మి వచ్చి భర్త రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. అవి ఆగేదాకా పట్టుకుంది.

"సింగయ్య" అని చెప్పాడు అతను. "రాసుకో."